కుడిచేతి జీతం

9 ఫిబ్రవరి 1958, ఆదివారం

చర్చిలో కోత పండుగ అయింది. కోళ్ళు, గుమ్మడికాయలు, ఒక మేకపిల్ల, అన్నీ వేలం వేశారు. అమ్మ పాడుకున్న గుమ్మడికాయ మేమిచ్చిందే. మన కాయ మనమే కొనుక్కోవటం ఏందమ్మా అంటే, మన చేలో కాయ రుచి నాకు తెలుసులేవే, పక్కోళ్ళది ఎట్టుంటదో ఎవుడు చూశాడు అంది.

చర్చి అయ్యగారు కానుకల కవర్లన్నీ నా చేతిలో పెట్టారు. నీ రైటింగ్ బాగుంటుంది రత్నకుమారీ, లిస్టు రాసిపెట్టు, చర్చి తలుపుకి అంటిద్దాం అన్నారు. ఎప్పుడూ రాసేది దేవానందం మాస్టారు. ఆయనకి కళ్ళు మసకలొచ్చాయి.

ఏటా వచ్చే కవరు ఈ ఏడూ వచ్చింది. దానిమీద పేరుండదు. లోపల నూట ఇరవై రూపాయలుంటాయి. అది ఎవరిదో నా చిన్నప్పట్నుంచీ ఊళ్ళో తేలలేదు. కరణం వెంకట్రామయ్యగారు లోలోపల మా దేవుణ్ణి నమ్ముకున్నాడని కొందరు, ఆస్పత్రి దొరసానమ్మ పంపిస్తుందని కొందరు. కవరు మీద ఒకటే మాట ఉంటుందని విన్నాను గానీ ఎప్పుడూ కళ్ళతో చూడలేదు. ఇవాళ చూశాను.

"దేవునిది."

ఆ "ద" వెనక్కి పడుకుని ఉంది. ఎడంచేత్తో రాసిన "ద". నాకు పలక మీద అక్షరాలు దిద్దించిన చెయ్యి అది. ఆయన కుడిచెయ్యి మణికట్టు దగ్గర్నుంచి బర్మా యుద్ధంలో పోయింది.

మా నాన్న రాత.

10 ఫిబ్రవరి

రాత్రి నిద్ర పట్టలేదు. లెక్కలు వేస్తూ పడుకున్నాను.

మావాళ్ళు దశమభాగాన్ని "దేవునిది" అంటారు. పది బస్తాలు పండితే ఒకటి దేవునిది. పది గుడ్లలో ఒకటి దేవునిది. అంటే నూట ఇరవై పదోవంతు. అయితే మొత్తం పన్నెండు వందలు! మా నాన్న, మిలట్రీ యోబు, ఏడాదికి పన్నెండు వందల మనిషి!

ఎక్కడ దాచాడు? రెండెకరాల మెట్ట, అందులో సగం నాపరాయి. బర్మా నుంచి ఏమైనా తెచ్చాడా? ఎవరికైనా వడ్డీకిచ్చాడా? పొద్దున ఎదురుగా కూర్చుని ఎడంచేత్తో జొన్న సంకటి ముద్ద చేస్తున్నాడు. చొక్కా భుజం దగ్గర అమ్మ వేసిన మాసిక. నేను చూస్తున్నానని తెలిసి, ఏందమ్మా అట్టా చూస్తున్నావ్ అన్నాడు. ఏంలేదు నాన్నా అన్నాను.

పొద్దంతా పత్తి ఏరుతూనే ఉన్నాను గానీ మనసు చేలో లేదు. పెంకుటిల్లు కట్టించాను. అమ్మని మిరపచేల కూలి మాన్పించాను. నాకు రిస్టు వాచీ, తెల్లచీర, ట్రైనింగ్ స్కూలు. నేను నడిచొస్తుంటే పిల్లలు లేచి నిలబడి గుడ్ మార్నింగ్ టీచర్ అంటున్నారు. సాయంత్రానికి చూస్తే నా ఒడిలో పత్తి అందరికన్నా తక్కువ. అమ్మ తిట్టింది. తిట్టుకోనీ, మనం పన్నెండు వందల వాళ్ళం.

11 ఫిబ్రవరి

లిస్టు రాశాను. రెండు భాగాలు. పైన "దశమభాగములు", కింద "కానుకలు". పైది అయ్యగారు పీఠం మీద నుంచి చదువుతారు, కిందిది చదవరు. అన్నిటికన్నా పైన గుండ్రంగా, నల్లసిరాతో "యోబు, రూ. 120" అని రాశాను. రెండోది దేవానందం మాస్టారిది, డెబ్బై రెండు.

పేరు లేని కవరుకి పేరు పెట్టొద్దని నాకెవరూ చెప్పలేదు. చెప్పినా ఆగేదాన్ని కాదు. ఇన్నేళ్ళు చర్చిలో వెనక వరసలో కూర్చున్నాం. ఒక్కసారి మా పేరు ముందు వినపడితే ఏం పోయింది?

16 ఫిబ్రవరి, ఆదివారం

చదివారు. తలలన్నీ వెనక్కి తిరిగాయి. నాన్న నేల చూశాడు.

బయటికి రాగానే అమ్మ గట్టిగా అడిగింది, ఏందయ్యా ఆ నూట ఇరవై, యాడ్నుంచి తెచ్చినావ్ అని. దేవునిది గ్రేసమ్మా, అడగమాక అన్నాడు. అమ్మ ఇంకేదో అనబోయింది గానీ అప్పటికే ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు వచ్చి వదినా వదినా అని చుట్టుముట్టారు. మా అమ్మని వదినా అని పిలిచి ఎన్నేళ్ళయిందో వాళ్ళు. ఇంటికి నడుస్తుంటే అమ్మ కొంగు రెండుసార్లు సర్దుకుంది.

నాన్న నాతో ఒక్కటే అన్నాడు, నీకు అక్షరాలు దిద్దించటం నాదే తప్పమ్మా అని. నవ్వాడనే అనుకున్నాను.

12 జూన్

ఎస్.ఎస్.ఎల్.సి. పాసయ్యాను!

ఎండ ఇంకా తగ్గలేదు. నడికుడి స్టేషన్ నుంచి ఇంటికి నడిచొస్తుంటే పట్టాల మీద గాలి నీళ్ళలా కదిలింది. ఆ నీళ్ళలో నుంచి మాచర్ల బండి ఊగుతూ వచ్చింది. నేను అందులో కూర్చుని గుంటూరు పోతున్నట్టు నాకే కనపడ్డాను. కిటికీ పక్కన తెల్లచీరలో, నేనే. చెయ్యి కూడా ఊపాను. ఎవరైనా చూశారేమో.

14 జూన్

గుంటూరు ట్రైనింగ్ స్కూల్లో సీటొచ్చింది. మెస్సు నెలకి ఇరవై రూపాయలు. దేవానందం మాస్టారు ఒక ఫారం తెచ్చారు. యుద్ధంలో పనిచేసిన వాళ్ళ పిల్లలకి సర్కారు స్టైపెండ్ ఇస్తుందట. ఇంటి ఆదాయం ఏడాదికి మూడొందల లోపైతే ఫుల్ స్టైపెండ్, నెలకి ఇరవై. మూడొందల నుంచి ఆరొందల దాకా సగం. ఆరొందలు దాటితే లేదు.

నాన్న చెప్తుంటే నేను నింపాను. చేను, కూలి కలిపి రెండొందల ఎనభై. నా పెన్ను ఆగింది. మరి పన్నెండు వందలు? నాన్న ముఖం చూశాను. రెండొందల ఎనభైయే, రాయమ్మా అన్నాడు. నా పెంకుటిల్లు అక్కడే కూలిపోయింది. మరి ఆ నూట ఇరవై ఎక్కడిదని అడగటానికి నోరు రాలేదు. అడిగితే ఏం చెప్తాడో అని భయం. చెప్పకపోయినా భయమే.

పింఛను వస్తుందా అని ఒక గడి. నాన్న కాసేపు చూరు వైపు చూసి, లేదని రాయి అన్నాడు.

రాశాను. ఏడాదికి రెండుసార్లు నాన్న గురజాల తాలూకా కచేరీకి వెళ్ళి, బతికే ఉన్నానని సంతకం పెట్టి వస్తాడు. మిలట్రీ రూలట. మళ్ళీ యుద్ధమొస్తే లెక్క ఉండాలిగా అని అమ్మ అందరికీ చెప్తుంది. ఒంటిచేతి వాణ్ణి ఏం చేసుకుంటారో అని పక్కన ఒక తిట్టు కూడా.

28 జూన్, శనివారం, మధ్యాహ్నం

కొంప మునిగింది.

ఆదాయం ఎంక్వయిరీకి గురజాల నుంచి రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ అలీ సాహెబ్ వచ్చాడు. కరణంగారు రెండొందల ఎనభైకి సరే అన్నాడు, చావడిలో అంతా బాగానే అయింది. పోతూ పోతూ ఎండకి తాళలేక సాహెబ్ చర్చి వరండాలో సైకిల్ ఆపాడు. దేవానందం మాస్టారు మంచినీళ్ళిచ్చి, మా యోబు ఎట్టాంటి భక్తిపరుడో చూడండి సార్, ఊరికంతటికీ ముందుంది పేరు అని తలుపు మీద లిస్టు చూపించారట. పాపం, మంచే చేద్దామనుకున్నారు.

సాహెబ్ చదివాడు. దశమభాగం అంటే పదోవంతే కదా మాస్టారూ అన్నాడట. అవునండీ అన్నారు ఈయన. సాహెబ్ జేబులోంచి పెన్సిల్ తీశాడట.

పన్నెండు వందలు.

ఆ లెక్క ముందు వేసింది నేనే.

29 జూన్, ఆదివారం

అయ్యగారికి అంతా చెప్పేశాను. కవరు మీద దశమభాగమని లేదు, పేరు లేదు, రెండూ నేనే పెట్టానని. ఆయన కోప్పడలేదు. అది ఇంకా కష్టంగా ఉంది. తప్పు అందరి ముందూ చేశావు గనక అందరి ముందే దిద్దుకో అన్నారు.

ఆరాధన అయ్యాక లేచాను. చెప్పాను. వదినా అన్న వాళ్ళలో ఒకామె కిసుక్కున నవ్వింది. అమ్మ అటు తిరిగి చూసిన చూపుకి నవ్వు ఆగిపోయింది. నాన్న పేరు కొట్టేసి, అయ్యగారు కానుకల్లో "పేరు చెప్పనివారు" అని తన చేత్తో రాశారు. ఒక ఉత్తరం కూడా ఇచ్చారు, కచేరీకి తీసుకెళ్ళమని.

నాన్న ఇంటికొచ్చి, బాగా మాట్లాడావు, టీచరమ్మవి అవుతావు అన్నాడు. ఏడుపొచ్చింది.

7 జూలై, సోమవారం

గురజాల వెళ్ళొచ్చాం. చెయ్యి తిరగటం లేదు గానీ ఇవాళే రాయాలి, రేపటికి నేను దీన్ని మంచిగా మార్చేస్తాను.

అలీ సాహెబ్ అయ్యగారి ఉత్తరం రెండుసార్లు చదివాడు. మర్యాదస్తుడు. సరే అమ్మాయ్, దశమభాగం కాదు కానుకే అనుకుందాం, నేను పది రెట్లు కొట్టేస్తాను అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. కానీ ఏడాదికి రెండొందల ఎనభై సంపాదించే మనిషి నూట ఇరవై ఎట్లా ఇచ్చాడో నాకు చెప్పాలి, చెప్తే ఆ మాట రాస్తా, చెప్పకపోతే రాసిందే ఉంటుంది అన్నాడు.

నేనూ నాన్న వైపే చూస్తున్నాను. ఫ్యాను లేదు, ఈగలు, కట్టలు కట్టలుగా కాగితాలు. అప్పుడు ట్రెజరీ గుమాస్తా ఒకాయన వరండాలో పోతూ ఆగి, ఏం యోబూ, ఇవాళ పింఛను రోజు కాదుగా, ఎందుకొచ్చావ్ అన్నాడు.

అంతే. అలీ సాహెబ్ తలెత్తాడు. నేనూ తలెత్తాను.

చేతికి పింఛను. నెలకి పది. పన్నెండేళ్ళ నుంచి. బతికున్నానని పెట్టిన సంతకాలన్నీ పింఛను సంతకాలు. తీసుకున్న ప్రతి రూపాయీ తాకకుండా దాచి, కోత పండుగకి కవరులో పెట్టాడు.

మరి ఫారంలో లేదని రాశారే అన్నాడు సాహెబ్, కోపంగా కాదు. అది నాది కాదండి అన్నాడు నాన్న. ఎవరిది? దేవునిదండి.

సాహెబ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మా మసీదులో మేమూ ఇస్తాం యోబూ, నాకు తెలవదా అన్నాడు. కానీ సర్కారు కాయితంలో దేవుడికి గడి లేదయ్యా, నీ పేరున వచ్చింది నీ ఆదాయమే అన్నాడు. రెండొందల ఎనభైకి నూట ఇరవై కలిపితే నాలుగొందలు, పిల్లకి సగం స్టైపెండ్ వస్తుంది. ఈ పింఛను నాది అని నీ చేత్తో వాంగ్మూలం రాసివ్వు, ముందు రాసింది పొరపాటని నేను నోట్ పెడతా. రాయకపోతే సగం కూడా రాదు.

నాన్న లేచి వరండాలోకి పోయాడు. గోడకి ఆనుకుని నిలబడ్డాడు. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. వద్దు నాన్నా, ఇంటికి పోదాం, నాకు ట్రైనింగ్ వద్దు అని వెళ్ళి చెప్పొచ్చు. పదడుగుల దూరం. చెప్పలేదు. నాకు ఆ తెల్లచీర కావాలి. అదే నిజం, ఇక్కడ కూడా అబద్ధం రాస్తే ఇంకెక్కడ నిజం రాస్తాను.

వచ్చి కూర్చున్నాడు. మోచేత్తో కాగితం అదిమిపట్టి, ఎడంచేత్తో రాశాడు. మిగతా మాటలన్నీ తొందరగానే రాశాడు. "నాది" అనే రెండక్షరాల దగ్గర పెన్ను చాలాసేపు ఆగింది. కాగితం మీద సిరా మరక పడింది. సాహెబ్ అద్దుడు కాగితం ఇచ్చాడు.

అదే రోజు, మళ్ళీ

బండిలో చెప్పాడు. నేను అడగలేదు.

చెయ్యి తీసేసిన రోజున ఆయనకి తెలివి ఉండీ లేనట్టు ఉందట. ఎవరో ఒక గుడ్డలో చుట్టి పట్టుకుపోతుంటే, యాడికి అది అని అడిగాడట. పాతిపెడతాం జవాన్ అన్నారట. అప్పుడే అనుకున్నాడట, నాకంటే ముందు నా చెయ్యి పోయింది దేవుడి దగ్గరికి, అక్కడ పనిలో చేరింది అని. తర్వాత దాని పేరున డబ్బు రావటం మొదలైంది. పని చేసేది అది, జీతం నేను తినటం ఏం న్యాయం అన్నాడు. దాని జీతం దానికి పంపిస్తున్నానమ్మా, అంతే.

కిటికీ బయట నల్లరేగడి చేలు వెనక్కి పోతున్నాయి. మా నాన్నకి పిచ్చేమో అనిపించింది. ఆ పిచ్చి ఎంత బాగుందో అని కూడా అనిపించింది. ఇప్పుడది నాది అని రాసిచ్చా, చెయ్యి పని మానేసినట్టే అన్నాడు. ఆ మాట ఎండ ఎక్కువగా ఉంది అన్నంత మామూలుగా అన్నాడు.

8 జూలై

అమ్మకి చెప్పాం. అమ్మ మాట్లాడటం మానేసింది.

10 జూలై

కల వచ్చింది. ఎక్కడో పెద్ద ఏరు, ఒడ్డంతా ఆకుపచ్చ. నీళ్ళలో నాన్న కుడిచెయ్యి ఒక్కటే నాట్లు వేస్తోంది. గోళ్ళు శుభ్రంగా ఉన్నాయి. వరస తప్పటం లేదు. నేను ఒడ్డున నిలబడి హాజరు పిలుస్తున్నాను, అది తలెత్తటం లేదు, దానికి తలెక్కడిది. లేచాక చాలాసేపు బాగానే ఉంది. తర్వాత బాగాలేదు.

11 జూలై

అమ్మ మాట్లాడింది. నాన్న ముందు సంకటి పళ్ళెం పెట్టి, తను నిలబడే ఉంది. పన్నెండేళ్ళు మిరపకాయ కోసిన చేతులివి అంది. రాత్రులు మంటకి నిద్రపట్టక నీళ్ళకుండలో పెట్టుకు కూర్చుంటే చూడలా నువ్వు? పోయిన చేతికి జీతమంట. నా రెండు చేతులూ ఈడనే ఉండాయిగా, వీటికెవుడిస్తాడయ్యా జీతం?

నాన్న ముద్ద నోటి దాకా తీసుకెళ్ళి దించేశాడు.

నాకు అమ్మ వైపు ఉండాలనిపించింది. నాన్న వైపూ ఉండాలనిపించింది. గోడ వైపు తిరిగి పడుకున్నాను.

12 జూలై

పొద్దున్నే నాన్న కడవ ఎత్తుకుని బావికి పోయాడు. మొగోడు నీళ్ళకొచ్చాడని ఆడవాళ్ళు నవ్వారు. ఒంటిచేత్తో చేద లాగి, తాడు పళ్ళతో పట్టుకుని, సగం ఒలకబోసుకుని తెచ్చాడు. అమ్మ వద్దనలేదు. కడవ దించుకోలేదు కూడా. ఆయనే దించాడు.

20 జూలై

ఇవాళ కూడా నీళ్ళు తెచ్చాడు. ఇప్పుడు ఒలకటం లేదు.

14 ఆగస్టు

ఆర్డరొచ్చింది. సగం స్టైపెండ్, నెలకి పది. మిగతా పది నాన్న పింఛనులోంచి. నెల నెలా మనియార్డరు చేస్తానన్నాడు. ఆరు నెలలకోసారి వచ్చే డబ్బుని నెల నెలా ఎట్టా పంపుతావయ్యా అని అమ్మ అంటే, కచేరీలో అడిగితే కుదరదన్నారు, దేవానందం మాస్టారు ముందు అప్పిస్తానన్నాడు అని, నువ్వు చదువుకో అని నాతో అన్నాడు.

నేను ఆ లిస్టు ముట్టుకోకపోతే ఫుల్ స్టైపెండ్ వచ్చేది, నాన్న కవరు నాన్నకుండేది. సర్కారు లెక్కలో అది దొంగలెక్కే. అయినా నాన్న అబద్ధం చెప్పాడని నా నోటితో నేననలేను. అమ్మ కూడా అనలేదు, ఎన్ని తిట్లు తిట్టినా ఆ ఒక్కటి అనలేదు.

ట్రంకు పెట్టెకి నాన్న నా పేరు రాశాడు. అక్షరాలన్నీ వెనక్కి పడుకుని ఉన్నాయి.

3 అక్టోబర్, గుంటూరు

మెస్సులో అన్నం. మూడు పూటలా తెల్లన్నం. మొదటి నెలంతా ఆత్రంగా తిన్నాను. ఇవాళ చెయ్యి కడుక్కుంటూ కుళాయి కింద కుడిచెయ్యి చాలాసేపు అలాగే ఉంచాను. వెనక పిల్ల ఏమే, నిద్రపోతున్నావా అంది.

22 డిసెంబర్

మోడల్ లెసన్‌లో మంచి మార్కులు వచ్చాయి. పిల్లలు లేచి గుడ్ మార్నింగ్ టీచర్ అన్నారు. నేను కలలో విన్నంత గట్టిగా లేదు, అయినా విన్నాను. సంతోషంగా ఉంది. ఉంది, రాస్తున్నాను.

8 ఫిబ్రవరి 1959, ఆదివారం. మా ఊరు

సెలవు పెట్టి వచ్చాను. కోత పండుగ.

కానుకల పళ్ళెం మా వరసకొచ్చింది. నాన్న జేబులో ఏమీ లేదు, నాకు తెలుసు. పట్టుకున్న దేవానందం మాస్టారికీ తెలుసు, ముందుకు జరగబోయారు. నాన్న ఆగమన్నాడు. చొక్కా చెయ్యి పైకి లాక్కుని, మొండి మణికట్టు పళ్ళెంలో పెట్టాడు. అందరూ చూస్తున్నారు. పాట ఒక చరణం అయిపోయింది. ఇంకొకటి మొదలైంది. అప్పుడు తీశాడు.

తర్వాత పళ్ళెం నా చేతికొచ్చింది. ఇత్తడి ఇంకా వెచ్చగానే ఉంది.